ఆల్బమ్‌ని గడువుకి ఇచ్చేయాలా, కుదిరేదాకా ఆగాలా?

‘బోస్టన్’ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌ని నడిపిన టామ్ షోల్జ్ రెండు దారులూ చూశాడు. పోలరాయిడ్ కెమెరా కంపెనీలో ఇంజినీరుగా చేస్తూ, ఇంటి బేస్‌మెంట్‌లో గిటార్ ట్రాకుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ 1976 నాటి తొలి ఆల్బమ్‌ని తయారుచేశాడు.

గడువుకి ఇస్తే: రెండోది 1978లోనే వచ్చింది. లక్షల్లో అమ్ముడైంది. కానీ రికార్డు కంపెనీ తొందరపెట్టి లాగేసుకుందన్న బాధ షోల్జ్‌కి మిగిలింది.

ఆగితే: మూడోది 1986లో. మధ్యలో ఆ రికార్డు కంపెనీ సీబీఎస్ కోర్టుకెక్కింది, పాత సభ్యులు చెదిరిపోయారు. ఆ టెన్షన్ మామూలుది కాదు. తను రూపొందించిన రాక్‌మ్యాన్ అనే చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ వ్యాపారం అతన్ని నిలబెట్టింది. చివరికి ఆ మూడో ఆల్బమ్‌లోని ‘అమాండా’ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. నాకైతే ఆ ఎనిమిదేళ్లు వృథా అనిపించదు.

సొంత స్టూడియో, వేరే ఆదాయం ఉంటే ఆగండి. అద్దె స్టూడియో, తోటివాళ్ల ఇల్లు గడవడం దానిమీదే అయితే గడువుకి ఇచ్చేయండి.