ఎల్-ఆర్జినిన్ సాచెట్లు, నాలుగు వారాలు తాగాక

ఏడో నెల స్కాన్‌లో ఉమ్మనీరు తక్కువుంది, ఏఎఫ్ఐ (ఉమ్మనీరు ఎంతుందో చెప్పే కొలత) 7 అన్నారు, బేబీ బరువు కూడా కొంచెం వెనకబడిందని మా గైనిక్ మేడమ్ ఈ ఎల్-ఆర్జినిన్ (ప్రోటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) సాచెట్లు రాశారు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, ఒక్కోదాంట్లో 3 గ్రాములు.

ఆరెంజ్ ఫ్లేవర్ అని ఉంటుంది, మొదటి గుటక బానే ఉంటుంది గానీ తర్వాత నాలుక మీద చేదు చాలాసేపు వదలదు. చల్లనీళ్ళలో సరిగ్గా కరగట్లేదు, అడుగున పేరుకుంటోంది, మామూలు నీళ్ళయితే నయం. ఖాళీ కడుపుతో తాగిన రోజు ఉబ్బరం, రెండుసార్లు విరేచనాలు, టిఫిన్ తిన్నాక తాగడం మొదలెట్టాక తగ్గిపోయింది.

ఎందుకిస్తారో మేడమ్ బొమ్మ గీసి మరీ చెప్పారు. ఒంట్లో ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ తయారవుతుంది, అది రక్తనాళాల్ని వదులు చేస్తుంది, అప్పుడు మాయకి రక్తం బాగా వెళ్ళి బిడ్డకి పోషణ అందుతుందని ఆశ. ఈ గ్యాస్ పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. కాకపోతే మనం తాగినదాంట్లో చాలా భాగం పేగుల్లో, లివర్లో ఆర్జినేజ్ అనే ఎంజైమ్ విరగ్గొట్టేసి యూరియా చేసేస్తుందట.

పల్లీలు తినొచ్చుగా అంది అమ్మ. నిజమే, 100 గ్రాముల పల్లీల్లో ఇంచుమించు 3 గ్రాముల ఆర్జినిన్ ఉంటుంది, కానీ ఈ అరగని రోజుల్లో రోజూ 200 గ్రాముల పల్లీలు ఎక్కడ తినగలం!

నాలుగు వారాలకి ఏఎఫ్ఐ 9.5 వచ్చింది, ఆ రోజు ఏడ్చేశాను. అయితే నీళ్ళు బాగా తాగాను, ఎడమ పక్కకే పడుకున్నాను, కాబట్టి మొత్తం సాచెట్ గొప్పే అని చెప్పలేను. 5కి 3.5 ఇస్తా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది జ్యూస్ పౌడర్ కాదు, బీపీ మందులు వాడేవాళ్ళకి బీపీ ఇంకా పడిపోవచ్చు. మా మామగారికి పోయినేడు హార్ట్ ఎటాక్ వచ్చింది, గుండెకి మంచిదని మెడికల్ షాపులో ఎవరో చెప్తే చీటీ లేకుండానే ఒక డబ్బా తెచ్చుకున్నారు. అమెరికాలో హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళకి రోజుకి మూడుసార్లు 3 గ్రాములు ఇచ్చి చూస్తే ఆర్జినిన్ తీసుకున్నవాళ్ళలో ఆరుగురు చనిపోయారు, మందు లేని ఉత్తుత్తి డోసు (ప్లసీబో) తీసుకున్నవాళ్ళలో ఎవరూ పోలేదు, దాంతో ఆ స్టడీయే ఆపేశారు, 2006లో రిపోర్టు వచ్చింది. అది చదివి వినిపించి, కార్డియాలజిస్టుకి ఫోన్ చేయించాను, వద్దన్నారు. ఆయన డబ్బా సీలు తియ్యకుండానే వాపసు ఇచ్చొచ్చాం.