పాత వాడ్కిన్ ప్లేనర్‌తో ఆరేళ్లు: తంటా అంతా నాలుగో బోల్టుతోనే

రెండు టేకు చెక్కల అంచులు చిత్రిక పట్టి, ఒకదానిమీద ఒకటి ఆనించి వెలుతురుకు ఎదురుగా ఎత్తి చూస్తే మధ్యలో వెంట్రుకంత వెలుగు కూడా రాకూడదు. ఆ సంతోషం కోసమే ఈ ప్లేనర్‌ను, అంటే కర్రను చిత్రిక పట్టే యంత్రాన్ని, ఉంచుకున్నాను. మోటారు శక్తి, వేగం వంటివి దీని గురించి చదివేవారికి తెలిసినవే కనుక వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది తిరిగే బ్లేడ్లకు అటూ ఇటూ ఉండి కర్రను మోసే దీని రెండు బల్లల గురించి, వాటిని మోసే పోతఇనుము గురించి.

వాడ్కిన్ సంస్థ 1897లో ఇంగ్లండులోని లెస్టర్‌లో మొదలైంది. నాది వారి అడుగు వెడల్పు ప్లేనర్. మూతపడిన ఒక వర్క్‌షాపు తుక్కులో దొరికింది. తుప్పు వదిలించడానికి కిరసనాయిలు, తీగ బ్రష్షు, మూడు ఆదివారాలు పట్టాయి. బేరింగులు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికాయి. కొనేముందు మాత్రం ఒక విషయం పట్టి చూశాను: బ్లేడ్లు బిగించే దిమ్మ గుండ్రంగా ఉందా, చదరంగా ఉందా? చదరపు దిమ్మకూ బల్ల అంచుకూ మధ్య సందు పెద్దది. చెయ్యి జారితే వేళ్లు అందులోకి పోతాయి. చేత్తో తోసే ప్లేనర్లకు గుండ్రటి దిమ్మే ఉండాలని బ్రిటన్‌లో 1922లోనే నిబంధన పెట్టారు. చదరపు దిమ్మ ఉన్న యంత్రాన్ని ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

మొదటి ఏడాది దీన్ని ఎంత పొగిడానో! నడుస్తుండగా బల్లమీద రూపాయి బిళ్లను అంచుమీద నిలబెడితే పడేది కాదు. పోతఇనుము వంగదు, ఒకసారి సరిచేసుకుంటే జీవితాంతం అంతే అని కనబడినవారికల్లా చెప్పాను. ఆ మాటలో ఏ సగమూ నిజం కాదు.

రెండో ఏడు కొత్త షెడ్డు వేసుకుని యంత్రాన్ని అందులోకి మార్చాను. జరగకుండా ఉండాలని నాలుగు మూలలా నేలలోకి బోల్టులు దించి గట్టిగా బిగించాను. ఆ తర్వాత చేసిన మొదటి పెద్ద పని రెండు రెక్కల టేకు తలుపు. బిగించిన రోజున ఎడమ రెక్క పైమూల ద్వారబంధానికి ఆనింది, కిందిమూల వేలు దూరేంత ఎడంగా నిలబడిపోయింది. ఇంటివారు ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

కర్ర పచ్చిదేమో అనుకుని బాగా ఆరిన కర్రతో మళ్లీ చేశాను. అదే మెలి. బల్లలు అరిగాయనుకుని విప్పి గ్రైండింగుకు పంపాను. అద్దంలా తిరిగి వచ్చాయి, మెలి మాత్రం పోలేదు. నిక్షేపంలాంటి ఇనుమును అనవసరంగా అరగదీయించానన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

చివరికి మా వీధిలోని పెద్ద మేస్త్రి గారిని పిలిచాను. యంత్రాలు రాకముందు చేతి చిత్రికతోనే ఇళ్లకు ఇళ్లు తలుపులు చేసిన మనిషి. ఆయన రెండు తిన్నని బద్దలు తెచ్చి, కర్ర లోపలికి వెళ్లే బల్ల చివర ఒకటి, బయటికి వచ్చే బల్ల చివర ఒకటి అడ్డంగా పెట్టారు. వంగి, ఒక కన్ను మూసి చూశారు.

“రెండూ సమంగా కనబడాలి బాబూ. వెనక బద్ద కుడిపక్క లేస్తోంది. బల్లల్లో తప్పేమీ లేదు, కాళ్లు చూడు.”

బోల్టులన్నీ వదులు చేశాం. మూడు కాళ్లు అలాగే ఉన్నాయి. నాలుగో కాలి కింద సందు తెరుచుకుంది. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి పెడితే మిల్లీమీటరున్నర. నేల కడిగితే నీళ్లు పోవాలని మూలనున్న తూము వైపు వాటం పెట్టించాను, ఆ మూల ఒక్కటే కిందికి వాలి ఉంది. గాలిలో ఉన్న కాలును బోల్టు నేలకు లాగడంతో పీఠం మెలిపడింది. విడివిడిగా కొలిస్తే రెండు బల్లలూ చదునుగానే ఉన్నాయి, కానీ ఒకే తలంలో లేవు. గ్రైండింగు చేసేవారికి ఆ తేడా కనబడే అవకాశమే లేదు. వారి దగ్గరికి వెళ్లినవి బల్లలు మాత్రమే.

ఆ కాలి కింద ఇత్తడి రేకు ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ, ప్రతిసారీ బద్దల మీదుగా చూస్తూ పోయాం. రెండు బద్దల అంచులూ ఒకే గీతగా కలిసినప్పుడు మేస్త్రి గారు లేచి, మాట్లాడకుండా చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు ఆ బోల్టులు యంత్రం పక్కకు జరగకుండా ఆపడానికే. నట్లు చేతి బిగువు మీద పావు చుట్టు, అంతే. ఆ తలుపును మూడోసారి నా ఖర్చుతోనే చేసిచ్చాను.

బ్లేడ్లు మార్చడానికి నాకు ఇప్పటికీ గంట పడుతుంది. బయటి బల్లమీద చెక్క స్కేలు పెట్టి దిమ్మను చేత్తో తిప్పితే ప్రతి బ్లేడూ దాన్ని మూడు మిల్లీమీటర్లు ముందుకు లాగాలి. బల్ల బ్లేడ్ల కన్నా దిగువన ఉంటే కర్ర చివర గుంట పడుతుంది. చప్పుడు కూడా ఎక్కువే, చెవులకు రక్షణ లేకుండా పని చేయలేను.

నాకు సొంత షెడ్డు, త్రీఫేజు కరెంటు, పిలిస్తే వచ్చే మేస్త్రి గారు ఉన్నారు కనుక ఇది సరిపోయింది. అద్దె గదిలోనో మేడమీదో పని చేసుకునేవాడినైతే బహుశా చిన్న కొత్త యంత్రమే కొనేవాడిని. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా, ఆ బద్దలు పెట్టి చూస్తాను. నేల కాస్త కదిలినట్టుంది, మొన్న ఒక రేకు తీసేయవలసి వచ్చింది.