డెబియన్ స్టేబుల్ మీద కొత్త ల్యాబ్‌డబ్ల్యుసి: సొంతంగా ప్యాక్ చేసుకుని వాడుతున్నవాడి సమీక్ష

రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నవాళ్లలో చాలామంది ల్యాబ్‌డబ్ల్యుసిని పేరు తెలియకుండానే వాడుతున్నారు. లినక్స్‌లో వేల్యాండ్ అనే కొత్త పద్ధతిలో విండోలని తెరమీద అమర్చి చూపించేది కంపోజిటర్. 2024 అక్టోబరు నుంచి ఆ బోర్డు ఓఎస్‌లో డీఫాల్ట్ కంపోజిటర్ ఇదే. నేను వాడేది మామూలు పీసీల మీద. కావలి ట్రంకు రోడ్డు దగ్గర మా బావ నడిపే డీటీపీ, జిరాక్స్ షాపులో ఉంది, నా ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. షాపువి పాత ఐ3 మిషన్లు, 4 జీబీ ర్యామ్. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో స్టేబుల్ (స్థిరమైన) విడుదల 12వ వెర్షన్‌గా ఉన్నప్పుడు మొదలుపెట్టాం, ఇప్పుడు 13 (ట్రిక్సీ) నడుస్తోంది. 13తో వచ్చేది ల్యాబ్‌డబ్ల్యుసి 0.8 సిరీస్. నేను నా ల్యాప్‌టాప్‌లో 0.9ని డెబ్‌గా (డెబియన్ ప్యాకేజీ ఫైలుగా) కట్టి వేసుకున్నాను. కాబట్టి ఇందులో కంపోజిటర్ సంగతి కొంతే, దాన్ని ప్యాక్ చేసే గొడవే ఎక్కువ.

వాడకం సంగతి తొందరగా చెప్పేస్తాను. ఓపెన్‌బాక్స్ అనే పాత విండో మేనేజర్ తెలిసినవాళ్లకి కొత్తగా నేర్చుకునేది పెద్దగా ఉండదు. అదే తరహా ఎక్స్‌ఎంఎల్ కాన్ఫిగ్, అదే కుడి క్లిక్ మెనూ, అవే థీములు. ప్యానెల్ తనతో రాదు, మనమే ఏదో ఒకటి తగిలించుకోవాలి. షాపులో వేబార్ అనే ప్యానెల్ పెట్టాను. యానిమేషన్లు లేవు, పెట్టే ఉద్దేశం కూడా తయారుచేసేవాళ్లకి లేదు. నా ల్యాప్‌టాప్‌లో వేరే కంపోజిటర్ ఒకటి చూపిస్తే మా బావ అన్న మాట: "సినిమా చూపించొద్దు అబ్బయ్యా, ప్రింటు పోతే చాలు." ప్రింటు పోతోంది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు సీపీయూ యూపీఎస్ మీద ఉంటుంది, మానిటర్ ఆరిపోతుంది. మళ్లీ వెలిగాక విండోలు ఎక్కడివక్కడే ఉంటున్నాయి. ఈ ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక ప్యాకేజీ. ల్యాబ్‌డబ్ల్యుసి రాసింది సీ భాషలో, కట్టేది మీసన్ అనే బిల్డ్ పనిముట్టుతో. దాని వరకే చూస్తే ఒక సాయంత్రం పని. చిక్కంతా దాని కిందున్న డబ్ల్యుఎల్‌రూట్స్‌తో, అంటే కంపోజిటర్లు కట్టడానికి వాడే లైబ్రరీతో. ఆ లైబ్రరీ ప్రతి పెద్ద విడుదలకీ ఏపీఐ (ప్రోగ్రాములు దాన్ని పిలిచే తీరు) మార్చేస్తుంది, పాతదానితో కలుస్తానని ఎప్పుడూ మాట ఇవ్వలేదు. ల్యాబ్‌డబ్ల్యుసి 0.8కి డబ్ల్యుఎల్‌రూట్స్ 0.18 కావాలి, 0.9కి 0.19 కావాలి. స్వే అనే మరో కంపోజిటర్ కూడా అంతే, 1.10కి 0.18, 1.11కి 0.19. అంటే ఒక కొత్త కంపోజిటర్ కావాలనుకున్నవాడు రెండు ప్యాకేజీలు మోయాలి. ఆ రెండోది గ్రాఫిక్స్ డ్రైవర్లతో, వాటికి దారి ఇచ్చే లిబ్‌డీఆర్‌ఎం లైబ్రరీతో మాట్లాడేది, తేలిగ్గా తీసుకునేది కాదు. కాస్త ఊరటేమిటంటే 0.18 నుంచి లైబ్రరీ పేరులోనే వెర్షన్ ఉంటోంది. 0.18, 0.19 ఒకే మిషన్‌లో పక్కపక్కనే ఉంటాయి, డిస్ట్రో ఇచ్చిన స్వేకి మన 0.19 అడ్డురాదు.

మీసన్ సబ్‌ప్రాజెక్టుగా డబ్ల్యుఎల్‌రూట్స్‌ని లోపలికే లాక్కుని కట్టే దారి కూడా ఉంది. చాలామంది అదే చేస్తారు, ఒక్క మిషన్‌కైతే తప్పులేదు. డెబియన్ పద్ధతిలో కడితే మాత్రం కుదరదు. డెబియన్ ప్యాకేజీలు కట్టే డెబ్‌హెల్పర్ మీసన్‌ని డౌన్‌లోడ్ చేయనివ్వకుండా నడుపుతుంది, ఇలా కాపీలు పొదగడం డెబియన్‌కి సుతరామూ గిట్టదు. వాళ్ల పట్టుదల న్యాయమే అంటాను. డబ్ల్యుఎల్‌రూట్స్‌లో ఒక లోపం బయటపడితే ఒక లైబ్రరీ మార్చడం నయమా, దాన్ని పొదుగుకున్నవన్నీ వెతికి మళ్లీ కట్టడం నయమా?

సిడ్ (డెబియన్ అభివృద్ధి శాఖ) నుంచి డెబ్ నేరుగా దించుకుంటే ఏమని అడుగుతారు. అది కొత్త లిబ్‌ఎక్స్‌ఎంఎల్, కొత్త గ్లిబ్‌సీ లైబ్రరీలంటూ ఒక్కొక్కటే లాగి చివరికి స్టేబుల్‌ని స్టేబుల్‌గా ఉండనివ్వదు. సోర్సు తెచ్చుకుని ఎస్‌బిల్డ్ అనే పనిముట్టుతో శుభ్రమైన ట్రిక్సీ క్రూట్‌లో (విడిగా ఉంచిన డెబియన్ 13 వాతావరణంలో) కట్టడమే మేలు. ముందు డబ్ల్యుఎల్‌రూట్స్ కట్టి, ఆ డెబ్‌లని ఎక్‌స్ట్రా ప్యాకేజీలుగా ఇచ్చి ల్యాబ్‌డబ్ల్యుసి కట్టాలి. వెర్షన్ చివర టిల్డా (~) తప్పనిసరి. ప్యాకేజీలు వేసే డీపీకేజీ లెక్కలో టిల్డా ఖాళీ కంటే కూడా చిన్నది కాబట్టి రేపు అదే వెర్షన్ అధికారికంగా వస్తే మనది పక్కకి తప్పుకుంటుంది. ఇంకొకటి, ఎక్స్‌వేల్యాండ్ (పాత ఎక్స్ ప్రోగ్రాముల్ని వేల్యాండ్ మీద నడిపేది) ఆప్షన్‌ని ఆటోలో వదలకండి. ఏ ఎక్స్‌సీబీ లైబ్రరీయో కనబడకపోతే కిమ్మనకుండా ఎక్స్‌వేల్యాండ్ లేకుండానే కట్టేస్తుంది. రూల్స్ ఫైల్లో ఎనేబుల్డ్ అని రాస్తే బిల్డ్ అక్కడే ఆగి లేనిదేదో చెబుతుంది.

నీరి అనే ఇంకో కంపోజిటర్ కూడా ప్యాక్ చేద్దామని చూశాను. పక్కకి జరిగే దాని విండోల వరస నిజంగా బాగుంటుంది. కానీ అది రాసింది రస్ట్ భాషలో. డెబియన్ ఆర్కైవ్ పద్ధతిలో దానికి కావలసిన ప్రతి క్రేటూ (రస్ట్ లైబ్రరీ) విడి ప్యాకేజీగా ఉండాలి. ఒక గుర్రాన్ని కొనబోతే లాయంతో సహా కట్టుకోవాల్సి వచ్చింది. వదిలేశాను.

తెలుగు టైపింగ్ సంగతి వేరే చెప్పాలి, షాపులో దానితోనే పని. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవాళ్లకి ఇన్‌పుట్ మెథడ్ (కొట్టినదాన్ని తెలుగులోకి మార్చే ప్రోగ్రాము) అక్కర్లేదు. ల్యాబ్‌డబ్ల్యుసి ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఎక్స్‌కేబీ (కీబోర్డు) లేఅవుట్‌గా ఇంగ్లిష్ పక్కన ఇండియా, దాని వేరియంట్‌గా తెలుగు, మార్చుకునే కీ రాసేస్తే అన్ని ప్రోగ్రాముల్లోనూ పడుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లకి ఎఫ్‌సీఐటీఎక్స్5, ఎం17ఎన్ అనే ఇన్‌పుట్ మెథడ్ జోడీ పెట్టాను. క్రోమియంలో మాత్రం వేల్యాండ్ ఐఎంఈ (ఇన్‌పుట్ మెథడ్) ఫ్లాగు ఇస్తే గానీ అది పలకదు. టైటిల్ బార్లలో ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే కూర్చుంటాయి, గీసేది అక్షరాలు కూర్చే ప్యాంగో లైబ్రరీ కాబట్టి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు మాత్రం ఇంకా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీదే. వాటికోసం ఒక విండోస్ మిషన్ మూలన అలాగే ఉంది. దాన్ని కదిలించే సాహసం ఎవరూ చేయరు.

నచ్చనివీ ఉన్నాయి. స్కేలింగ్ ఒకటిన్నర రెట్లు పెడితే ఎక్స్‌వేల్యాండ్ ప్రోగ్రాములు మసకగా కనిపిస్తాయి. మీటింగులో స్క్రీన్ చూపించాలంటే తెరని వేరే ప్రోగ్రాములకి అందించే పైప్‌వైర్, పోర్టల్ సర్దుకోవడం మనకే వదిలేశారు. నేను 0.9కి మారింది కూడా ఈ స్క్రీన్ క్యాప్చర్ కోసమే, దానికి కొత్త ప్రోటోకాల్స్ డబ్ల్యుఎల్‌రూట్స్ 0.19తో వచ్చాయి. షాపులో ఎవరికీ అది అక్కర్లేదు. అందుకే అక్కడి మిషన్లలో డెబియన్ ఇచ్చిన 0.8నే ఉంచాను, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి. నా ల్యాప్‌టాప్‌లోని రెండు డెబ్‌లకి ఆ పూచీ నాదే, కొత్త విడుదల వచ్చిందని యూస్కాన్ చెప్పినప్పుడల్లా కూర్చోవాలి. మీకూ 0.9 కావాలనిపిస్తే ముందు డెబియన్ బ్యాక్‌పోర్ట్స్‌లో (స్టేబుల్ కోసం కట్టిపెట్టిన కొత్త వెర్షన్లలో) వెతకండి. దొరికితే పైన రాసిన శ్రమలో ఏదీ మీకు పట్టదు.