జిల్లా పేజీ: ఇరవై రెండేళ్ల వాడకం తర్వాత

పేపర్ పేరు చెప్పను. ఇక్కడ రాసే తిట్లు ఆ ఒక్క పేపర్‌కే చెందవు, పొగడ్తలూ అంతే. మెయిన్ పేజీల జోలికి అసలే పోను, ఏ పేపర్ ఎవరి వైపు మాట్లాడుతుందో పాలు పోసే పిల్లగాడికి కూడా తెలుసు. 2003లో హన్మకొండలో కాపురం పెట్టినప్పటి నుంచి ఇంటికి పేపర్ వేయించుకుంటున్నాను. ఇన్నేళ్లూ డబ్బులు కట్టింది లోపలుండే జిల్లా పేజీల కోసమే, ఇప్పుడు నా గొడవ కూడా వాటితోనే.

పొద్దున చాయ్ గ్లాసు పెట్టుకుని, మెయిన్ పేపర్ మడత కూడా విప్పకుండా పక్కన పడేసి, జిల్లా పేజీ తీస్తాను. ఎనుమాముల మార్కెట్లో పత్తి క్వింటాలు ఎంత పలికింది, ఏ కాలనీలో పదింటి నుంచి కరెంటు ఉండదు, ఏ ఊర్లో ఎవరు పోయారు, చదివే వరుస ఇది. నాకు పత్తి చేను లేదు, ఉన్న రెండెకరాలు కౌలుకిచ్చి ఏళ్లయింది, అయినా ధర చూడకపోతే చాయ్ దిగదు. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పేపర్ మొదలుపెట్టింది, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. అప్పట్లో మా నాన్న "ఇగ మన ఊరి పంచాయితీ కూడ అచ్చుల చూడొచ్చు" అన్నది ఇంకా గుర్తుంది.

ఈ పేజీల్లో కొన్ని వార్తలు పండుగల లాంటివి, తప్పకుండా తిరిగొస్తాయి. మామునూరు విమానాశ్రయం ఒకటి. నిజాం కాలం నాటిది, 1980ల మొదట్లోనే మూతపడింది, నేను పేపర్ కొనడం మొదలుపెట్టాక "త్వరలో" అని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం నిజంగానే అనుమతి ఇచ్చిందని వచ్చినప్పుడు, ఇక రేపటి నుంచి వీళ్లు ఏం రాస్తారని బెంగ పడ్డాను. అనవసరంగా పడ్డాను, భూసేకరణ వార్తలు మొదలయ్యాయి. ఇంకొకటి కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ. మాకు రావాల్సిన ఆ ఫ్యాక్టరీ 1980లలో పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది, 2023 జూలైలో ప్రధాని ఇక్కడికొచ్చి శంకుస్థాపన చేసింది వ్యాగన్ల యూనిట్‌కు. "మనుషులెక్కే డబ్బా అడిగితే సామాన్లెక్కే డబ్బా ఇచ్చిండ్రు" అని మా బావ ఇప్పటికీ అంటాడు.

అసలు విషయానికొస్తాను. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, మా వరంగల్ జిల్లాను ఐదు ముక్కలు చేశారు. మా ఊరు పరకాల పక్కన. ఊరు అడుగు కూడా జరగలేదు కానీ వరంగల్ జిల్లా నుంచి వరంగల్ రూరల్‌కు, 2021 ఆగస్టులో అక్కడి నుంచి హన్మకొండ జిల్లాకు వచ్చేసింది. ములుగు ముందు భూపాలపల్లి జిల్లాలోకి పోయి, 2019 ఫిబ్రవరిలో సొంత జిల్లా అయింది. కరీంనగర్‌లో ఉన్న కమలాపూర్ మాలో కలిసింది. ఆఫీసులు దగ్గరైన మాట నిజమే, మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఉండే మా అక్కకు కలెక్టరాఫీసు పనికి ఇక్కడిదాకా వచ్చే తిప్పలు తప్పాయి. కానీ పేపర్ వాళ్లు కూడా అదే గీత వెంబడి కత్తెర పెట్టారు. నాకు హన్మకొండ, వరంగల్ వార్తలు వస్తాయి. ములుగు, భూపాలపల్లి, మానుకోట, జనగామ నాకు పక్క రాష్ట్రాలు.

మొదట్లో ఇది పెద్దగా పట్టించుకోలేదు. ఒక ఎండాకాలం మేడారం మొక్కు తీర్చుకుందామని నేనూ మా ఆవిడా బయల్దేరాం (జాతర రద్దీలో పోయే ఓపిక మాకు లేదు). ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర బండి ఆపి, కొబ్బరికాయ కొట్టి, పక్కనే మిర్చీ బజ్జీలు తీసుకున్నాం. తినేవి పేపర్లో చుట్టొద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్లు చెప్తూనే ఉంటారు, బండ్ల మీద చుడుతూనే ఉంటారు. బజ్జీలు అయిపోయాక చెయ్యి తుడుచుకుందామని ఆ ముక్క తిప్పాను. నూనెకు వెనకవైపు అక్షరాలు కూడా ఇటువైపు తేలి, రెండు వార్తలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్యలో తపాలా బిళ్లంత ఫొటో. తెల్ల మీసం, చెవుల దగ్గర వెడల్పుగా ఉండే ఆ కళ్లజోడు. మా లెక్కల సార్.

పరకాల హైస్కూల్లో మూడేళ్లు లెక్కలు చెప్పాడు. రిటైరయ్యాక ములుగులో స్థిరపడ్డాడని తెలుసు, ఒకసారి పోయి కలవాలి అని పదేళ్లుగా అనుకుంటూ ఉన్నాను. "రిటైర్డ్ ఉపాధ్యాయుడి మృతి" అని పైన, కింద నాలుగు లైన్లు, నాలుగో లైను సగంలో చిరిగిపోయింది. తేదీ ఉన్న భాగం ఏ బజ్జీకి పోయిందో. నేను బజ్జీల బండి కింద ఉన్న పాత పేపర్ల కట్ట వెతుకుతుంటే బజ్జీలు వేసే ఆమె "ఏం పోయిందే అన్నా, పైసలా?" అంది. ఏం చెప్పాలో తెలియక ఇంకో నాలుగు బజ్జీలు కట్టమన్నాను.

ములుగులో ఉండే క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. "నెలన్నర అయితంది, నీకు తెల్వదా? పేపర్ల గుడ పడ్డది గదరా" అన్నాడు. పడింది. నేను నెల నెలా బిల్లు కట్టే పేపర్లోనే పడింది. ఆ రోజు మేడారం పోలేదు, సార్ ఇంటికి పోయాం. ఎంత కడిగినా చేతులకు శనగపిండి, నూనె వాసన పోలేదు. సార్ భార్య, మా మేడం, తిట్టలేదు, "అందరికి తెలుస్తదని పేపర్ల ఏపించినం బిడ్డా" అని మాత్రం అంది.

తెల్లారి మా ఏజెంటును అడిగాను, ములుగు పేజీ కూడా కలిపి వేయి, ఎంతైనా ఇస్తా అని. "ఏ జిల్లా కట్ట ఆ జిల్లాకే పోతది సార్, నా చేతుల లేదు" అన్నాడు. మా అబ్బాయేమో "ఈ-పేపర్ల అన్ని జిల్లాలు ఉంటయి కద నాన్నా" అని ఫోన్లో పెట్టిచ్చాడు. ఉన్నాయి, కాదనను. కానీ వేలితో పెద్దది చేసుకుంటూ, పక్కకు జరుపుకుంటూ, ఎవరైనా పోయారా అని పనిగట్టుకుని వెతకడం నా వల్ల కాలేదు. అట్లాంటి వార్త వెతికితే కాదు, పత్తి ధర చూస్తుంటే కంట్లో పడాలి. తొమ్మిది రోజులు చూసి మానేశాను.

ఒక్కరోజు మాత్రం మా పేజీ గీత దాటింది. 2024 డిసెంబర్ 4, పొద్దున 7:27కి పేపర్ చేతిలో ఉండగానే టీపాయ్ మీద గ్లాసు టకటకలాడింది. ములుగు దగ్గర భూకంపం, తీవ్రత 5.3 అని ఫోన్లోనే ముందు తెలిసింది. తెల్లారి మా హన్మకొండ పేజీ నిండా ములుగే. ఊర్ల పేర్లు, అల్మారాల్లోంచి పడ్డ గిన్నెలు, బయటికి ఉరికిన జనం, అన్నీ వదలకుండా చదివాను. మూడో రోజు మళ్లీ ఎవరి జిల్లా వాళ్లదే.

పైన పేజీల కోసమే డబ్బులు కడుతున్నానని గొప్పగా రాశాను గానీ, ఇప్పుడు వాటిలో చాలావరకు "అన్న"ల పుట్టినరోజు ఫొటోలే. ఒకసారి మా కాలనీ మీటింగు వార్తలో నా పేరు బదులు పక్కింటాయన పేరు వేశారు, ఆయన ఇప్పటికీ ఆ ముక్క దాచుకున్నాడు.

తెప్పించుకోవాలా వద్దా అంటే, మీ చుట్టాలు, స్నేహితులు అంతా ఒకే జిల్లాలో ఉంటే తెప్పించుకోండి. ముప్పై ఏళ్ల వాళ్లకు అవసరం లేదేమో. నాకు యాభై అయిదు, చదువు చెప్పినవాళ్లూ కలిసి చదివినవాళ్లూ ఆ కాలమ్‌లోకి వచ్చే కాలం నాది, అందుకని తిట్టుకుంటూనే ఈ నెల బిల్లు కూడా కట్టాను. ములుగు సంగతి మా క్లాస్‌మేట్ చూసుకుంటున్నాడు, రోజూ వాళ్ల పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. ఫొటోలో వాడి బొటనవేలు కూడా పడుతుంది, ఒక్కోసారి సరిగ్గా పేరు మీదే.