సీలియాక్ వ్యాధి నిర్ధారణ: రక్త పరీక్ష మేలా, బయాప్సీ మేలా?

అన్నం, జొన్నరొట్టె, మక్కగట్క తిని పెరిగిన వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో సీలియాక్ వ్యాధి పేరు అరుదుగా వినిపిస్తుంది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్‌కు రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగి చిన్నపేగును దెబ్బతీసే జబ్బు ఇది. గోధుమ ప్రధానాహారమైన ఉత్తర భారతంలోనే అది ఎక్కువ. అయితే షుగర్ భయంతో రాత్రి చపాతీ ఇక్కడా అలవాటైంది కనుక, మందులకు లొంగని రక్తహీనత, విడవని విరేచనాలు, పిల్లల్లో ఎదుగుదల లోపం ఉన్నప్పుడు ఈ వ్యాధిని కూడా అనుమానించాలి.

మొదటి పరీక్షగా, ఈ వ్యాధిలో తయారయ్యే యాంటీబాడీలను రక్తంలో కొలిచే టీటీజీ-ఐజీఏ మేలని నా అభిప్రాయం. ఎలైజా అనే ల్యాబ్ పద్ధతిలో చేసే ఈ పరీక్ష ఫలితం అంకెల్లో వస్తుంది. దానితోపాటే రక్తంలోని మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) కూడా చూడాలి. ఈ రోగుల్లో 2-3 శాతం మందికి ఐజీఏ లోపం ఉంటుంది కనుక, వారిలో వ్యాధి ఉన్నా ఫలితం నెగెటివ్‌గా రావచ్చు. అలాంటివారికి ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ ఆధారిత పరీక్షలు చేయాలి. ఈఎంఏ అనే మరో యాంటీబాడీ రక్త పరీక్ష పాజిటివ్ అయితే మరింత నమ్మదగినదే గాని, కోతి అన్నవాహిక లేదా బొడ్డుతాడు కణజాలంపై ఫ్లోరసెన్స్‌ను (మెరుపును) మైక్రోస్కోపులో చదవాలి కనుక చూసేవారి నైపుణ్యంపై ఆధారపడుతుంది. అందువల్ల దాన్ని రెండో మెట్టుగా ఉంచడమే సబబు.

పెద్దవారిలో సాధారణంగా బయాప్సీతోనే, అంటే ఎండోస్కోపీ ద్వారా పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించే, నిర్ధారిస్తారు. పేగులో దెబ్బ అక్కడక్కడా ఉండవచ్చు కనుక ఆంత్రమూలం (చిన్నపేగు ఆరంభం) రెండో భాగం నుంచి కనీసం 4, దాని మొదటి భాగం నుంచి 1-2 ముక్కలు తీయాలి. అయితే ట్రాపికల్ స్ప్రూ (ఉష్ణ ప్రాంతాల పేగు జబ్బు), జియార్డియా (పేగు పరాన్నజీవి) వంటివి కూడా పేగులోని విల్లైలను (పోషకాలను పీల్చే సన్నని వేళ్లలాంటి పొడుచుకులను) దెబ్బతీస్తాయి కాబట్టి, మన ప్రాంతంలో రక్త పరీక్షతో కలపకుండా బయాప్సీ నివేదిక ఒక్కదానితో జీవితాంతం గోధుమ మానేయమనడం న్యాయం కాదు. పిల్లల్లో టీటీజీ సాధారణ గరిష్ఠ పరిమితికి 10 రెట్లు లేదా అంతకు మించి ఉండి, విడిగా తీసిన రెండో రక్త నమూనాలో ఈఎంఏ కూడా పాజిటివ్ అయితే, బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని యూరప్ పిల్లల వైద్య నిపుణుల 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఈ పరీక్షలన్నీ గోధుమ తింటుండగానే జరగాలి. ఎవరో చెప్పారని ముందే చపాతీ మానేసి ల్యాబ్‌కు వెళ్తే నెగెటివ్ నివేదికకు విలువ ఉండదు. సకినాలు, సర్వపిండి బియ్యప్పిండివి కనుక ఈ లెక్కలోకి రావు. అప్పటికే మానేసినవారికి హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష ఉపయోగం. జనాభాలో దాదాపు మూడోవంతు మందికి ఈ జన్యువులు ఉండవచ్చు కనుక పాజిటివ్ వస్తే వ్యాధి ఉన్నట్టు కాదు, రెండూ లేకపోతే మాత్రం వ్యాధి దాదాపు లేనట్టే. ఈ జన్యువులు ఉంటే, డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు మళ్లీ గోధుమ తిని టీటీజీ చేయించుకోవాలి.