సిద్ధాంతం రాసేవాళ్లకు నెలనెలా చందా: చాలా ఏళ్ల వాడకం తర్వాత

యూనివర్సిటీ ఉద్యోగం లేకుండా, ఏ పార్టీ జీతమూ లేకుండా శ్రమ గురించి, భూమి గురించి, కులం గురించి సిద్ధాంతం రాసేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు పాఠకుల చందాయే ఆధారం. బరంపురం నుంచి నేను అలాంటి కొందరికి చాలా ఏళ్లుగా పేట్రియాన్‌లో, అంటే పాఠకులు రచయితలకు నెలనెలా చందా కట్టే వెబ్‌సైట్‌లో, కడుతున్నాను. కట్టమనే చెబుతాను, కానీ పద్ధతి చూసుకుని కట్టాలి.

పేట్రియాన్ 2013లో మొదలైంది. పెట్టినవాళ్లలో ఒకరు సంగీతకారుడు. ఇంత కడితే ఇది అదనంగా ఇస్తాం అనే అంతస్తుల పద్ధతి పాటలకూ వీడియోలకూ నప్పుతుందేమో గానీ సిద్ధాంతానికి నప్పదు. నేను కట్టే ఒక రచయిత మొదట్లో చందాదారులకు వారం వారం ప్రత్యేక నోట్స్ ఇస్తామన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ నోట్స్ అన్నీ ఆ వారం వార్తల మీద వ్యాఖ్యలైపోయాయి, పెద్ద వ్యాసాలు ఆగిపోయాయి. తర్వాత ఆయన ఆ అంతస్తులన్నీ తీసేసి, రాసిందంతా అందరికీ ఉచితంగా పెట్టేశారు. కొందరు చందా మానేశారు, నేను మానలేదు. అద్దె మీద, కౌలు మీద ఆయన రాసిన మంచి వ్యాసాలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఇది కొత్త సంగతి కాదు. మార్క్స్ 1850లలో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌కు వ్యాసానికింత అని లెక్కన రాశాడు. అచ్చు కానిదానికి డబ్బు వచ్చేది కాదు, ఆ పని తన అసలు చదువును చెడగొడుతోందని బాధపడేవాడు. మార్క్స్ మిత్రుడు ఎంగెల్స్ పంపిన డబ్బు అలాంటిది కాదు. 1869లో మాంచెస్టర్ వ్యాపారం నుంచి తప్పుకునేటప్పుడు ఏటా 350 పౌండ్లు మార్క్స్‌కు అందేలా ఏర్పాటు చేశాడు. వ్యాసాల లెక్క అడగలేదు. మనం పంపేది వంద రూపాయలే అయినా ఆ తీరులోనే పంపాలి.

ఆ రచయిత వ్యాసాలు అందరికీ ఉచితంగా ఉండటం వల్ల మాకు ఇంకో మేలు జరిగింది. ఇక్కడ ఆదివారాలు కొందరం కూర్చుంటాం. ఇంగ్లీషు వ్యాసాన్ని నేను తెలుగులో చెబుతాను, ఇంకో మిత్రుడు ఒడియాలో చెబుతాడు. కాలేజీ పిల్లలు అడిగే ప్రశ్నలు రచయితకు రాసి పంపితే ఓపిగ్గా జవాబిచ్చారు.

ఇక డబ్బు సంగతి. 2025 ఆగస్టు తర్వాత కొత్తగా చేరిన రచయితల నుంచి పేట్రియాన్ 10 శాతం తీసుకుంటోంది, చెల్లింపు ఖర్చులు దాని మీద వేరు. ఒక్కో చెల్లింపుకు కొంత స్థిరమైన కోత కూడా ఉంటుంది కాబట్టి నెలకో డాలరు కంటే ఏడాది చందా ఒకేసారి కట్టడం రచయితకు లాభం. ఐఫోన్ యాప్‌లో చేరకండి, యాపిల్ వాటా 30 శాతం దాకా పోతుంది. బ్రౌజర్‌లో కట్టండి. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపులకు రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి నా బ్యాంకు కార్డు విదేశీ చెల్లింపులను తిప్పికొడుతూనే ఉంది. ప్రతి నెలా అదో టెన్షన్. ఏడాదికోసారి ఓటీపీతో కట్టాక ఆ గొడవ తగ్గింది. లిబరాపే అని ఇలాంటిదే ఇంకో వేదిక ఉంది. అది అసలు కమీషనే తీసుకోదు, ప్రతిఫలాల బేరమూ పెట్టదు. నాకు అదే ఎక్కువ నచ్చింది. కానీ నేను చదివే రచయితల్లో అక్కడ ఉన్నవాళ్లు తక్కువ.

వీటన్నిటిలో ఒక పెద్ద లోపం ఉంది. పేరున్నవాళ్లకు, ఇంగ్లీషులో రాసేవాళ్లకే డబ్బు చేరుతుంది. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల్లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అడవి మీద అధికారం ఎవరిదనే ప్రశ్న అంత సూటిగా లేచిన చోటు మనకు పక్కనే ఉంది. ఆ ప్రశ్న మీద తెలుగులో రాసే ఒకాయన రాయగడ వైపు ఉన్నారు. ఆయనకు ఏ వేదిక మీదా పేజీ లేదు. మా ఆదివారం వాళ్లం కలిసి నెలనెలా యూపీఐలో పంపుతున్నాం, దారిలో కోత లేకుండా మొత్తం చేరుతుంది. సంక్రాంతి తర్వాత ఆయన నుంచి వ్యాసం రాలేదు, అటవీ హక్కుల చట్టం చదువుతున్నానన్నారు. ఈ నెల డబ్బు పంపాం. అడిగిన రెండు పుస్తకాలు విశాఖ నుంచి తెప్పిస్తున్నాం.