ఎకానమీ 7 రాత్రి కరెంటు: రెండు చలికాలాలు వాడాక

ఇంగ్లండులోని రెడింగ్‌లో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌కి గ్యాస్ లేదు. వంట, వేణ్నీళ్లు, గదుల్లో వేడి, అన్నీ కరెంటు మీదే. తాళాలిచ్చిన ఏజెంటు "ఇది ఎకానమీ 7 మీటరు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయింది. అదేదో మీటరు కంపెనీ పేరనుకున్నాను. ఈ మార్చితో రెండు చలికాలాలు గడిచాయి. మొదటి చలికాలం డబ్బు పోగొట్టుకున్నాం, రెండో చలికాలం మిగుల్చుకున్నాం. మీటరు అదే, ఇల్లు అదే. ఇంగ్లండుకి కొత్తగా వస్తున్న మనవాళ్లు చాలామంది ఇలాంటి ఫ్లాట్లలోనే దిగుతున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాత్రి ఏడు గంటలు ఒక రేటు, మిగతా పదిహేడు గంటలు ఇంకో రేటు. ఎకానమీ 7 అంటే అంతే. 1978లో మొదలైంది. బొగ్గు కేంద్రాల్నీ అణు కేంద్రాల్నీ రాత్రి ఆపేసి పొద్దున మళ్లీ నడపడం తేలిక కాదు. జనం పడుకున్నాక మిగిలిపోయే ఆ కరెంటును చౌకగా ఇచ్చి, ఇళ్లు వేడి చేసుకోమన్నారు. ఫోన్‌లో చెబితే నాన్న ఠక్కున పట్టేశాడు. "మన మోటారుకి రాత్రి కరెంటు ఇచ్చినట్టే కదమ్మా!" మార్కాపురం పక్కన మా ఊళ్లో త్రీ ఫేజు రాత్రిపూట వచ్చిన రోజుల్లో నాన్న టార్చిలైటు, కర్ర పట్టుకుని పొలానికి వెళ్లేవాడు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ కన్ను మూసేది కాదు. ఇక్కడ ఎవరూ లేవక్కర్లేదు, పాములూ లేవు. రాత్రి మీటరు మారుతుంది, హీటర్లు వాటంతటవే అందుకుంటాయి.

ఇక డబ్బు. మా ఒప్పందంలో పగలు యూనిట్ 31 పెన్నీలు (వంద పెన్నీలు ఒక పౌండు), రాత్రి 15. అదే కంపెనీ ఒకే రేటు తీసుకుంటే 25 అంది. అందరూ ఆ 15 చూసి సంబరపడతారు, నేనూ పడ్డాను. చూడాల్సింది 31ని. రాత్రి చౌకకి పగలు ఆరు పెన్నీలు ఎక్కువ కడుతున్నాం. లెక్క కడితే మా రేట్లకి ప్రతి వంద యూనిట్లలో 38 రాత్రిపూట ఖర్చయితేనే లాభం మొదలవుతుంది. మీ రేట్లకి ఆ గీత ఎక్కడ పడుతుందో సంతకం పెట్టకముందే చూసుకోండి. కాగితం మీద రెండు నిమిషాల పని.

ఆ గీత దాటించేవి రెండే: గదుల హీటర్లు, వేణ్నీళ్ల ట్యాంకు.

మా హాల్లో కిటికీ కింద ఉన్న స్టోరేజ్ హీటరు ఇనప్పెట్టెలా ఉంటుంది. లోపలంతా బరువైన ఇటుకలు. రాత్రి చౌక కరెంటుతో అవి కాలి, ఆ వేడిని మర్నాడు మెల్లగా వదులుతాయి. పైన మూత దగ్గర రెండు నాబ్‌లు: ఇన్‌పుట్, అవుట్‌పుట్. ఇన్‌పుట్ అంటే రాత్రి ఎంత వేడి నింపుకోవాలి, అవుట్‌పుట్ అంటే దాన్ని ఎంత త్వరగా వదలాలి. మొదటి నవంబరులో చలికి భయపడి రెండూ నిండా తిప్పేశాను. రాత్రి రెండింటికి దుప్పట్లు తన్నేసేంత ఉక్క, సాయంత్రం పిల్లాడు బడి నుంచి వచ్చేసరికి పెట్టె చల్లగా చచ్చుబడి ఉండేది. అప్పుడు 31 పెన్నీల పగటి కరెంటుతో ఫ్యాన్ హీటరు పెట్టుకునేవాళ్లం. అంటే చౌకగా కొన్న వేడిని నిద్రలో పారబోసి, సాయంత్రం అదే వేడిని ఖరీదుగా కొన్నాం.

పై అంతస్తులో పదేళ్లుగా ఉంటున్న లక్నో ఆవిడ ఒకరోజు వచ్చి చూపించింది. పడుకునే ముందు అవుట్‌పుట్‌ని 1 మీదికి తెచ్చెయ్యాలి. మూత లోపల సన్నగా టక్‌మని చప్పుడవుతుంది, వేడి వదిలే తలుపు మూసుకున్నట్టు. ఇన్‌పుట్ రేపటి వాతావరణాన్ని బట్టి పెట్టుకోవాలి, మంచు పడేట్టుంటే 5, మామూలు చలికి 3. మర్నాడు సాయంత్రం నాలుగింటికి అవుట్‌పుట్ 4కి తిప్పితే పెట్టె మీద చెయ్యి పెట్టగానే వేడి పైకి తన్నుకొస్తుంది. రోజుకు రెండుసార్లు నాబ్ తిప్పడం, అంతే. ఆ రోజు నుంచి ఫ్యాన్ హీటరు అటక ఎక్కింది. ఒక్క హెచ్చరిక: తడిబట్టలు దాని మీద ఆరేయకండి, అగ్గి పుట్టే ప్రమాదం ఉంది.

వేణ్నీళ్ల ట్యాంకు ఇంకో మంచి బేరం. నూట ఇరవై లీటర్ల నీళ్లు పది డిగ్రీల నుంచి అరవైకి కాగాలంటే దాదాపు ఏడు యూనిట్లు. రాత్రి కాస్తే ఒక పౌండు చిల్లర, పగలు కాస్తే రెండు పౌండ్లు దాటుతుంది. రోజూ స్నానాలుండే మన ఇళ్లలో ఇది చిన్న తేడా కాదు. రాత్రి కాగిన నీళ్లు మర్నాడు సాయంత్రం దాకా వేడిగా ఉంటాయి, ట్యాంకు చుట్టూ తొడుగు సరిగ్గా ఉంటే. డబ్బు మిగలాలని అరవై కంటే తగ్గించకండి, గోరువెచ్చటి నిలవ నీళ్లలో రోగాల క్రిములు పెరుగుతాయి. ఈ ట్యాంకు అలమరాతో నాకు కలిసొచ్చిన సంగతి ఇంకొకటుంది. జనవరిలో ఈ దేశంలో ఇడ్లీ పిండి రెండు రోజులకీ పులవదు. రుబ్బిన గిన్నె ట్యాంకు పక్క అరలో పెడితే తెల్లారేసరికి మూత ఎత్తేస్తుంది. పెరుగూ అక్కడే తోడుకుంటుంది.

బట్టల మిషను గురించి ఇక్కడ అందరూ అదే పనిగా చెప్పుకుంటారు. మా మిషను ఒక్క విడతకి తినేది ఒక యూనిట్ లోపే. రాత్రికి మారిస్తే మిగిలేది పదిహేను పెన్నీలు. మేం నిద్రపోతుండగా మిషను తిరగడం నాకు ఇష్టం లేదు, కింది ఫ్లాట్‌లో పసిపిల్ల ఉంది. పొద్దున ఆరింటికి లేచాక వేస్తాను, అప్పటికి చౌక కరెంటు ఇంకా ఉంటుంది. గ్రైండరు, మిక్సీ సంగతి పట్టించుకోనే వద్దు. సాయంత్రం వంటని మాత్రం మార్చలేం. అన్నం, కూర, పప్పు ఆరింటికే కావాలి, దానికి 31 కట్టాల్సిందే.

ఇక గడియారం గొడవ. మా మీటరుకి చౌక వేళ రాత్రి పన్నెండున్నర నుంచి ఏడున్నర వరకు, మీటరు తలుపు లోపల స్టిక్కరు మీద ఉంది. మార్చి చివరి ఆదివారం దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పుతుంది. మా మీటరు తిప్పుకోదు. వేసవంతా దాని చౌక వేళ ఒంటిగంటన్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. ఆ సంగతి తెలియక ట్యాంకు టైమరుని కూడా బుద్ధిగా గంట ముందుకు జరిపాను. నెలంతా మొదటి గంట నీళ్లు పగటి రేటుతో కాగాయి. మూడు కిలోవాట్ల కాయిలు, రోజుకి 48 పెన్నీల నష్టం, ముప్ఫై రోజులకి 14 పౌండ్ల 40. కొన్ని పాత మీటర్లు బీబీసీ రేడియో 4 లాంగ్‌వేవ్, 198 కిలోహెర్ట్జ్ మీద వచ్చే సిగ్నల్‌తో మారేవి. ఆ సిగ్నల్‌ని 2025 జూన్ 30 తర్వాత విడతలుగా ఆపేయడం మొదలుపెట్టారు. మీ ఇంట్లో అలాంటి మీటరుంటే వెంటనే స్మార్ట్ మీటరు అడగండి, లేకపోతే హీటర్లు వేళకి అందుకోకపోవచ్చు.

నాకు బాగా కోపం తెప్పించింది మాత్రం బిల్లు. మొదటి చలికాలం మూడు నెలలకి పగలు 1480 యూనిట్లు, రాత్రి 900 అని వచ్చింది. పగలు మేమిద్దరం డ్యూటీకి, పిల్లాడు బడికి. ఇంట్లో ఎవరూ లేకుండా అన్ని యూనిట్లు ఎలా కాలాయి? మా ఆయన "చలి ఎక్కువగా ఉంది కదా, అయ్యుంటుందిలే" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం కెటిల్, రైస్ కుక్కరు ఒకేసారి వేసి, మీటరు ముందు ఫోన్ వెలుగులో కూర్చున్నాను. తెర మీద రేటు 1, రేటు 2 అని మార్చి మార్చి చూపిస్తుంది. పది నిమిషాల్లో ఒక అంకె కదిలింది, అది రేటు 2. బిల్లులో దాన్నే రాత్రి అని రాశారు! రెండూ తారుమారయ్యాయి. 580 యూనిట్ల తేడా, యూనిట్‌కి 16 పెన్నీలు, మొత్తం 92 పౌండ్ల 80. ఫోటోలు పంపి, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఏడు వారాలకి వెనక్కి ఇచ్చారు. ఎనిమిది వారాలు దాటినా తేలకపోతే కరెంటు, గ్యాస్ కంపెనీల మీద ఫిర్యాదులు తీర్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఖర్చు ఉండదు. చాలామంది ఏళ్ల తరబడి ఇలాగే కడుతున్నారేమో అనిపించి కడుపు మండింది. దిగిన వారంలోనే ఈ కెటిల్ పరీక్ష చేసుకోండి.

రెండో చలికాలం మా వాడకంలో నూటికి 62 వంతులు రాత్రివి. సగటున యూనిట్ 21 పెన్నీలు పడింది, నెలకి ముప్ఫై పౌండ్ల దాకా మిగిలింది. వేసవిలో హీటర్లు ఆపేస్తాం కాబట్టి నెలకి రెండు మూడు పౌండ్లు నష్టమే. ఏడాది మొత్తానికి 130 పౌండ్ల పైచిలుకు లాభం. ఇలాంటి హీటర్లు, ట్యాంకు ఉన్న ఇంటికి ఎకానమీ 7 తీసుకోమనే చెబుతాను. గ్యాస్ బాయిలరు ఉన్న ఇంట్లో దిగితే మాత్రం మొదటి రోజే ఫోన్ చేసి ఒకే రేటుకి మార్పించుకోండి. కారు కరెంటుదైతే స్మార్ట్ మీటరు మీద ఇంతకన్నా చౌక రాత్రి రేట్లున్నాయి, అవి చూసుకోండి.

నాన్న మొన్న మళ్లీ అడిగాడు, మనకీ ఇలా వస్తుందా అని. 2023లో కేంద్రం తెచ్చిన నియమాల్లో ఉంది నాన్నా, వ్యవసాయానికి తప్ప, కాకపోతే మనకి చౌక వేళ రాత్రి కాదు, ఎండ కాసే పగలు, మామూలు రేటు కంటే కనీసం నూటికి ఇరవై తక్కువ అని చెప్పాను. "పగలా! మరి నేను ఆ చీకట్లో ఎందుకు తిరిగినట్టు" అన్నాడు.